వెంగళప్ప వేషం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు, పూర్వ విద్యార్థులందరిలాగే నేనూ ‘కష్టపడితే సాధించలేనిది లేదు’ అని మొదలుపెట్టాను. రెండు పేజీలు రాశాక నాకే విసుగొచ్చింది. ఆ మాటలు మీకు ఆగస్టు 15న ఒకసారి, జనవరి 26న ఒకసారి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకని ఒక ఆట గురించి రాస్తున్నాను. ఆ ఆటలో నేను కట్టిన ఒక తెలివితక్కువవాడి వేషం గురించి, ఆ వేషం గుర్తుచేసిన నా తప్పు గురించి రాస్తున్నాను.

నేను 1998లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. 2003లో పదో తరగతి పాసై వెళ్లాను. ఆ తర్వాత పాలిటెక్నిక్, ఇంజనీరింగ్, హైదరాబాదులో ఉద్యోగం. 2016లో కంపెనీ నన్ను అమెరికాలోని మినియాపొలిస్ నగరానికి పంపింది. అది కెనడా సరిహద్దున ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో ఉంది. జనవరిలో అక్కడ సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగిపోయే రోజులుంటాయి. శని, ఆదివారాలు గదిలో ఒక్కణ్ణే కూర్చుని గోడలు చూసేవాణ్ణి. వందమంది మధ్య పెరిగినవాడికి ఒంటరి గది ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నా అవస్థ చూసి మా ఆఫీసులోని ఒక పెద్దాయన, శనివారం సాయంత్రం తమ ఇంటికి రమ్మన్నాడు. ‘అందరం కలిసి ఒక ఆట ఆడుకుంటాం, నువ్వూ రా’ అన్నాడు.

నేను పేకాట అనుకున్నాను. తీరా వెళ్తే బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, రకరకాల పాచికలు ఉన్నాయి. నాలుగు ముఖాలవి, ఆరు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఏకంగా 20 ముఖాలవి కూడా. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్.

వైకుంఠపాళిలాగా ఇందులో పైకి ఎక్కి గెలవడం ఉండదు. మన ఊళ్లో వీధి నాటకంవాళ్లు వేషం కట్టినట్టు ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుంటారు. మాటలు మాత్రం ముందుగా రాసి ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు. ‘మీ ఎదురుగా పాడుబడిన కోట ఉంది, లోపల ఏదో చప్పుడవుతోంది, ఏం చేస్తారు?’ అని ఆయన అడుగుతాడు. మన పాత్ర ఏం చేస్తుందో మనం చెప్పాలి. ఆ పని అవుతుందో కాదో అనుమానం ఉన్నచోట పాచిక వేస్తారు. పాచిక ఏం చెబితే కథ అటు పోతుంది.

ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తయారుచేసి 1974లో పుస్తకాలుగా తెచ్చారు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆటల్లోంచి ఇది పుట్టింది. ఆ ఆటల్లో ఒక మనిషి పటాలాన్ని మొత్తం నడిపిస్తాడు. ఇందులో ఒక మనిషి ఒక్క మనిషినే నడిపిస్తాడు. ఆర్నెసన్ ఉండేది మినియాపొలిస్ పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో. ఆ సంగతి చెప్పేటప్పుడు మా పెద్దాయన గొంతులో, సొంత ఊరి గొప్ప చెప్పుకునేవాళ్ల ఉత్సాహం వినిపించేది.

ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, నలుగురినీ ఆకట్టుకునే శక్తి. పాత పద్ధతిలో ఒక్కో గుణానికి మూడు మామూలు పాచికలు వేసి కూడాలి. తక్కువలో తక్కువ 3, ఎక్కువలో ఎక్కువ 18. సగటు పదిన్నర. వరుసగా ఏది పడితే అది రాసుకోవాలి, మార్చుకోవడానికి లేదు. పదో తరగతి తమ్ముళ్లు సంభావ్యత పాఠం చదివేటప్పుడు దీన్ని లెక్కకట్టి చూడండి. మూడు పాచికలు మొత్తం 216 రకాలుగా పడవచ్చు. వాటిలో కూడితే 4 వచ్చేవి మూడే మూడు.

ఆ రోజు సరదాగా పాత పద్ధతే పాటిద్దామన్నాడు పెద్దాయన. నాకు బలం 14 పడింది. చురుకుదనం 9, గట్టిదనం 13. తెలివికి వేస్తే ఒకటి, ఒకటి, రెండు పడ్డాయి. అంటే 4. వివేకం 10, ఆకట్టుకునే శక్తి 6. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ‘అయ్యో’ అన్నారు. మళ్లీ వేసుకోమన్నారు. అలా వేసుకోవచ్చని నియమం కూడా ఉందట. 2000లో వచ్చిన మూడో కూర్పులో, లాభనష్టాల అంకెలు కూడితే సున్నా గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చిన పాత్రను పారేసి కొత్తది వేసుకోవచ్చని రాశారు. నా పాత్రకు లెక్కేస్తే మైనస్ మూడు వచ్చింది. అంటే పారేయదగ్గ మనిషే.

ఈ ఆట చరిత్ర తర్వాత చదివాను. 1978లో వచ్చిన పుస్తకం, పాత్ర బతికి బట్టకట్టాలంటే కనీసం రెండు గుణాల్లో 15 గానీ ఆపైన గానీ ఉండాలన్నట్టు చెప్పింది. 1979లో మరో పుస్తకం నాలుగు పాచికలు వేసి అన్నిటికన్నా చిన్నది తీసేసే పద్ధతిని చూపించింది. అలా చేస్తే సగటు పదిన్నర నుంచి 12 దాటుతుంది. 2014 నాటి ఐదో కూర్పులో పాచికలు వేయడం ఇష్టం లేనివాళ్లకు సిద్ధంగా అంకెలు ఇచ్చారు: 15, 14, 13, 12, 10, 8. అంటే వాటిలో అన్నిటికన్నా అధ్వానం 8. తెలివి 4 ఉన్నవాడికి ఆ వరుసలో చోటే లేదు. ఆట పెరిగేకొద్దీ బలహీనులు పలచబడిపోయారు. గెలిచేవాళ్లనే చేర్చుకునే కాలేజీలు మనకు తెలిసినవే కదా!

నేను మాత్రం మళ్లీ వేయనన్నాను. అందులో నా గొప్పేమీ లేదు. ఆ కొత్తవాళ్ల మధ్య నా ఇంగ్లీషుకు బెరుకుగా ఉండేది. తెలివితక్కువవాడి వేషమైతే తప్పు మాట్లాడినా వేషంలో కలిసిపోతుంది, నలుగురూ నవ్వుతారు, నాకూ చోటు దొరుకుతుంది అనుకున్నాను. పాత్రకు పేరు పెట్టమన్నారు. ఆలోచించకుండా ‘వెంగళప్ప’ అన్నాను. వాళ్లకు నోరు తిరగక ‘వెంగీ’ అని పిలిచారు.

మూడు శనివారాలు వెంగళప్పను ఆడించాను. తలుపు తోయమంటే లాగాడు. దొంగలకు దారి చెప్పాడు. రాజుగారి గుర్రానికి దండం పెట్టి రాజుగారికి గడ్డి అందించాడు. నత్తినత్తిగా మాట్లాడేవాణ్ణి, నోరు తెరిచి పైకి చూసేవాణ్ణి, ఒక భుజం వాల్చి నడిచి చూపించేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవారు. నేను రాకపోతే ఆట చప్పగా ఉంటుందన్నారు. నా ఒంటరితనం పోయింది.

పెద్దాయన భార్య బడిలో టీచరు. ఆవిడ కూడా మాతో ఆడేది. ఆవిడ పాత్ర, తాళాలు తీయడంలో నేర్పరి అయిన ఒక పొట్టి మనిషి. మూడో శనివారం ఆట అయ్యాక టీ కప్పులు తీస్తూ మామూలుగా అడిగింది: “మీ వెంగీకి ఏమంటే ఇష్టం?”

నాకు జవాబు తోచలేదు. మూడు వారాలుగా వాడి నోటితో మాట్లాడుతున్నాను. వాడికి ఏమంటే ఇష్టమో, ఏమంటే భయమో, కోటలోకి అసలు ఎందుకు వచ్చాడో ఒక్కసారి కూడా అనుకోలేదు. ‘తెలియదండీ’ అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి మంచులో బస్సు కోసం నిలబడినప్పుడు నాకు అసలు వెంగళప్ప గుర్తొచ్చాడు.

2001లో మేము ఎనిమిదో తరగతి. మా గదిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు రాయను. యూనిట్ టెస్టులో వాడికి పాతికకు మూడు, నాలుగు వచ్చేవి. మార్కులు క్లాసులో పైకి చదివేవారు కాబట్టి అందరికీ తెలిసేవి. ఒకసారి లెక్కల సారు విసుగులో ‘ఒరే వెంగళప్పా’ అన్నారు. ఆయన ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటారు. మేము మాత్రం సాయంత్రానికల్లా దాన్ని హాస్టలంతా పాకించాం. ఆ తర్వాత వాడికి అదే పేరు. వాడికి కొంచెం నత్తి. నడిచేటప్పుడు ఒక భుజం వాలేది.

వాడికి తెలిసినవి కూడా ఉన్నాయి. మా స్టీలు కంచాల మీద నంబర్లు కొట్టి ఉండేవి. కడిగిన కంచాలన్నీ కలిసిపోయినా వాడు నంబరు చూడకుండా, సొట్టను బట్టి ఎవరి కంచం వాళ్లకు అందించేవాడు. రాత్రిపూట భవనం వెనక ఉన్న మరుగుదొడ్లకు వెళ్లాలంటే ఆరో తరగతి పిల్లలు భయపడేవారు. ఏ వేళప్పుడు లేపినా విసుక్కోకుండా లేచి వాళ్లకు తోడు వెళ్లేవాడు. ఇవేవీ మేము తెలివి కింద లెక్కేయలేదు.

ఆ ఏడాది హాస్టల్ వార్షికోత్సవంలో మేము హాస్య నాటిక వేశాం. వెంగళప్ప వేషం నాది. నత్తి, వాలిన భుజం, తెరిచిన నోరు అన్నీ దించేశాను. చప్పట్లే చప్పట్లు! నాకు మొదటి బహుమతిగా జామెట్రీ బాక్సు ఇచ్చారు. పదో తరగతి పరీక్షలకు కూడా దాన్నే తీసుకెళ్లాను. వాడు మొదటి వరుసలో కింద కూర్చుని చూశాడు. అందరితోపాటు నవ్వాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి వాడి మొహం నేను చూడలేదు. చప్పట్లు కొట్టేవాళ్లను చూశాను.

సంక్రాంతి సెలవులకు వెళ్లినవాడు తిరిగి రాలేదు. వాళ్ల ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి నాన్న వచ్చాడు. నా నాటిక వల్లే వాడు మానేశాడని చెప్పలేను. ఇంట్లో ఇబ్బందులు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వాడికి బోర్డు సరిగ్గా కనిపించేదో లేదో, వినిపించేదో లేదో ఎవరూ చూపించలేదు. ఎందుకు వెనకబడ్డావని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. మేమూ అడగలేదు. మూడేళ్లు పక్కపక్కన పడుకున్నా వాడికి ఏమంటే ఇష్టమో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగో శనివారం వెళ్లాను గానీ నత్తి పెట్టలేదు. వెంగళప్ప కోసం ఇంటి దగ్గరే కూర్చుని ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను. వాడికి కంచరగాడిదలంటే ప్రాణం. చీకట్లో ఎవరినీ ఒంటరిగా వదలడు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయం. చూసిన వస్తువు మరవడు గానీ దాని గురించి చెప్పమంటే తడబడతాడు. తెలివి అంకె 4 అలాగే ఉంచాను.

తక్కువ అంకె ఉన్న పాత్రను ఆడడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. బలం తక్కువ ఉంటే సులువే, ‘ఈ రాయి ఎత్తలేను’ అంటే సరిపోతుంది. తెలివి తక్కువైతే ఆడేవాడి బుర్రే అడ్డొస్తుంది. పొడుపుకథ విప్పు నాకు తెలిసినా వెంగళప్పకు తెలియదు కాబట్టి నోరు మూసుకోవాలి. కొంతమంది అవసరం లేదనుకున్న గుణానికి చిన్న అంకె ఇచ్చేసి, ఆటలో మాత్రం దాని సంగతే మరిచిపోతారు. అది దొంగాట. ఇంకొంతమంది నేను చేసినట్టు ఆ అంకె ఒక్కటే మనిషి మొత్తం అన్నట్టు ఆడతారు. అది మొదటిదానికన్నా చెడ్డది. మూడో కూర్పు లెక్కలో జంతువుల తెలివి 1 లేదా 2. మూడు దగ్గర్నుంచి మనిషే. మాట ఉంది, మనసు ఉంది, స్నేహం ఉంది. కొన్ని పనుల్లో ఎక్కువసార్లు ఓడిపోతాడు, అంతే.

ఆ అంతే అన్నది ఎంతో కూడా లెక్కేసి చెబుతాను. మేము ఆడింది 2014 నియమాలతో. 10, 11 అంకె ఉన్న మామూలు మనిషికి కలిపేదీ లేదు, తీసేదీ లేదు. తెలివి 4 ఉన్నవాడికి 20 ముఖాల పాచికలో పడిన అంకెలోంచి 3 తీసేయాలి. ఒక చిన్న పనికి 10 కావాలనుకోండి. మామూలు మనిషి 20 సార్లలో 11 సార్లు గెలుస్తాడు, అంటే 55 శాతం. వెంగళప్పకు పాచిక మీద 13 పడాలి. 20 సార్లలో 8 సార్లు, అంటే 40 శాతం. మేము మార్కులు విని ఊహించుకున్నట్టు సున్నా కాదు.

ఆ నియమాల్లోనే ఇంకొకటి ఉంది. పక్కనున్నవాడు తన వంతు వదులుకుని సాయం చేస్తే, పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు.

ఒకరోజు కథలో మేము కోట అడుగున ఇరుక్కున్నాం. మంత్రగాడు, యోధుడు రాతి తలుపుకు అవతల చిక్కుకున్నారు. ఇవతల వెంగళప్ప, టీచరుగారి పొట్టి మనిషి మాత్రమే ఉన్నారు. తలుపుకు తాళం లేదు, మూడు చక్రాలున్నాయి. వాటిని ఒక వరుసలో తిప్పాలి. కాపలావాడు మూసేటప్పుడు మిగతావాళ్లు వాదులాడుకుంటున్నారు. మూటలు మోస్తూ ముందు నిలబడ్డ వెంగళప్ప ఒక్కడే చూశాడు. అది గుర్తు తెచ్చుకోవడం తెలివికి సంబంధించిన పని.

“ఎంత సేపైనా పర్లేదు వెంగీ. నేను దీపం పట్టుకుంటాను. మొదట ఆయన చెయ్యి ఎక్కడుంది, అది ఒక్కటి చెప్పు” అంది టీచరుగారు, తన పాత్ర గొంతుతో. దాన్ని సాయం కింద ఒప్పుకుంటానన్నాడు పెద్దాయన. మొదటిసారి 5 పడింది. రెండోసారి 16. మూడు తీసేస్తే 13. తలుపు తెరుచుకుంది.

బల్ల దగ్గర అందరూ లేచి అరిచారు. ఆ రోజు ఎవరూ వెంగళప్పను చూసి నవ్వలేదు, వాడితో కలిసి నవ్వారు. రాత్రి గదికి వచ్చి లెక్కేశాను. రెండుసార్లూ తప్పే అవకాశం 12/20 ని 12/20 తో గుణిస్తే వస్తుంది, అంటే 36 శాతం. గెలిచే అవకాశం 64. అంటే తెలివి 4 ఉన్నవాడు పక్కన ఒక మనిషి ఉంటే, ఒంటరిగా ఉన్న మామూలు మనిషిని దాటిపోతాడు! 55కు 64. సారు పాస్ మార్కులకు ఎంత తక్కువో చెప్పేవారు గానీ, తోడు వల్ల ఎంత పెరుగుతుందో ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో నేను రోజుకో అరగంట వాడి పక్కన దీపం పట్టుకుని కూర్చునివుంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇండియాకు తిరిగి వచ్చాక వాడి కోసం అడిగాను. వాళ్ల కుటుంబం ఊరొదిలి పనులకు వెళ్లిపోయిందన్నారు. ఎక్కడికో తెలియదన్నారు. ఈ సంచిక వాడి చేతికి అందితే, అరే, నాకు ఒక్కసారి కబురు పెట్టు. నీ పేరుతో పిలుస్తాను.

పోయిన సంక్రాంతి తర్వాత హాస్టల్‌కు వచ్చి కొందరు తమ్ముళ్లతో ఈ ఆట ఆడించాను. 20 ముఖాల పాచిక కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి మెస్ గ్లాసులో వేసి కలపండి, ఒకటి తీయండి. సాయం ఉన్నప్పుడు మొదటి చీటీ తిరిగి వేసి, మళ్లీ కలిపి రెండోది తీయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఒకరు కథ చెప్పండి. కోటలూ రాక్షసులే ఉండాలని లేదు, మన ఊరి చెరువు, తాటితోపు చాలు. అందరూ 18 కావాలని కొట్టుకున్నారు. తక్కువ అంకె పడ్డ పాత్ర తీసుకునేది ఎవరని అడిగితే కాసేపు ఎవరూ పలకలేదు. చివరికి వెనక కూర్చున్న ఏడో తరగతి తమ్ముడు ఒకడు ‘నేను తీసుకుంటా అన్నా, కానీ వాడికి ఈత వచ్చు’ అన్నాడు. చూశారా, నేను మూడు వారాల తర్వాత నేర్చుకున్నది వాడికి ముందే తెలుసు.

తమ్ముళ్లూ, మీ గదిలో కూడా మార్కులు చదివేటప్పుడు తల దించుకునేవాడు ఒకడు ఉంటాడు. వాడికి ఏ పేరు పెట్టారో నాకు తెలియదు. ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక వాడి పక్కన కూర్చుని, నీకు ఏమంటే ఇష్టం అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. వార్షికోత్సవం నాటికలో ఎవరినైనా అనుకరించాలనుకుంటే నన్ను అనుకరించండి, నేను మొదటి వరుసలో కూర్చుని చూస్తాను.

ఇట్లు,
మీ అన్న,
1998–2003 పూర్వ విద్యార్థి